పేరయ్య వెంట నడిచినవారు



బిషప్ అజరయ్యగారి పేరిట ఉపన్యాసమంటే డోర్నకల్ గురించి వినడానికే వచ్చివుంటారు. అక్కడికీ వస్తాను, కాకపోతే ఒంగోలు మీదుగా. పల్లె సంఘాలకు యువనాయకులు ఎక్కణ్ణుంచి వచ్చారన్న ప్రశ్న పట్టుకుని నేను తిరిగింది ఆ జిల్లాలోనే. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డే దొర నెల్లూరు రావడం, 1854లో ఒంగోలు కొండమీద అదే మిషన్‌వారైన జ్యూయెట్ దంపతుల ప్రార్థన మీకు కంఠతా వచ్చు. వదిలేస్తున్నాను.

యర్రగుంట్ల పేరయ్య దగ్గర మొదలుపెడదాం. తాళ్లకొండపాడు వాసి, మాదిగ, తోళ్ల వ్యాపారి. 1866లో జ్యూయెట్ చేత బాప్తిస్మం పొందేనాటికే ఆయన గురువు. వీరమ్మ అనే ఆమె దగ్గర యోగం నేర్చి, తనకంటూ శిష్యుల్ని సంపాదించుకున్నవాడు. మతం మారింది గానీ నడక మారలేదు. అవే కాలిబాటలు, అవే మాదిగపల్లెలు, పనులయ్యాక రాత్రి పొద్దుపోయేదాకా అదే కూర్చోవడం, చుట్టూ చుట్టాలే. రామాపట్నంలో వేదపాఠశాల పెట్టింది ఆ తర్వాత, 1872లో. అక్కడ బల్లల ముందు కూర్చున్న కుర్రవాళ్లకు, పేరయ్యలాంటివారి వెంట నడిచి, బోధకుడి జోలె మోయడం ముందే తెలుసునన్నది నా వాదన.

ఇక్కడ నా పాత తగాదా ఒకటుంది. ఒంగోలు సంఘాన్ని కట్టింది గంజి అనే చరిత్రకారులున్నారు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు, కూలి దొరికింది, జనం మారారు, అంతే అంటారు. కానీ కరువు పని సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు కదా! పని ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది దిగారు. కూలి కోసమే అయితే కూలి ఆగాక ఎందుకొచ్చినట్టు? "ముందు ముందు మేలు జరుగుతుందన్న ఆశ" అంటారు. ఒప్పుకుంటాను. ఆశ లేనిదే ఎవరు మాత్రం నీళ్లలోకి దిగుతారు?

నా అభ్యంతరం అది కాదు. నదిలో నిలబడ్డదెవరో చూడమంటాను. బాప్తిస్మమిచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. కాలువ గట్టున కూలీలమీద మేస్త్రీలుగా ఉన్నదీ బోధకులే. వచ్చినవాడు ఏ పల్లెవాడో, ఎవరి అల్లుడో, కల్లు మానాడో లేదో దొరకేం తెలుసు? అలాంటి మనుషులు ఒక కరువులో తయారుకారు. గంజివాదులు క్లౌను తిడతారు, మిషన్ చరిత్రలు ఆయన్నే పొగుడుతాయి. రెండుచోట్లా కథానాయకుడు దొరే! నా మటుకు నాకు ఆ రెండూ ఒకటే.

అధ్యక్షులవారు చీటీ పంపారు. సరే, డోర్నకల్. 1912 డిసెంబరు 29న కలకత్తాలో డోర్నకల్‌కు, ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు తిరునెల్వేలి తమిళులు, తెలుగు ముప్పై దాటాక నేర్చారు. వై.ఎం.సి.ఏ.లో అమెరికన్ మిషనరీ షెర్వుడ్ ఎడ్డీతో కలిసి తిరిగి ఎదిగినవారు. ఆయన చేసిన పని ఒకటి చాలు: బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పడం తమ బాధ్యతేనని పలికించేవారు. అంటే గొడ్లు కాసే కుర్రాడూ ఆ పూటనుంచే బోధకుడు.

తక్కినది పరుగే. 1947లో దక్షిణ ఇండియా సంఘం, 1964లో రాజమండ్రిలో ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాల, తర్వాత అది హైదరాబాదుకు మారడం. కమిటీలు, సిలబస్‌లు, తీర్మానాలు... ఈ కాగితాలు తిరగేస్తుంటే నిజంగా నాకు నిద్రొస్తుంది. స్వతంత్ర సంఘాల్లో మాత్రం పేరయ్య పద్ధతి బతికే ఉంది. కుర్రాడు కీబోర్డు వాయిస్తాడు, మైకు వైర్లు చుడతాడు, పాస్టరుగారి బండి వెనక కూర్చుని గృహకూటాలకు వెళ్తాడు, ఆయనకు గొంతు బాగాలేని రోజున వాక్యం చెబుతాడు. పదేళ్లు పోయాక చాలాచోట్ల కుర్చీ పాస్టరుగారి అబ్బాయికి వెళ్తుంది. వెనక కూర్చున్నవాడు పక్కవీధిలో షెడ్డు అద్దెకు తీసుకుని మరో సంఘం పెడతాడు.