బయటికొచ్చినవాడికి ముందు ఉద్యోగం కావాలి

రియాద్‌లో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



మన సమావేశాల్లో ఎన్నికల గురించి, నీళ్ల గురించి, నిధుల గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు వేరే విషయం ఎత్తుకుంటున్నాను. మనిషిని పూర్తిగా గుప్పిట్లో పెట్టుకునే మత బృందం నుంచి బయటపడినవాడు మళ్లీ బతుకు ఎలా కట్టుకుంటాడు? మనం కొలువులు చేస్తున్న ఈ దేశ చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది.

1979 నవంబర్ 20న జుహైమాన్ అల్ ఉతైబీ అనుచరులు మక్కాలోని మస్జిదుల్ హరామ్‌ను ఆయుధాలతో ఆక్రమించారు. పోరాటం రెండు వారాలు సాగింది. 1980 జనవరిలో 63 మందికి మరణశిక్ష అమలు చేశారు. ఈ కథ మీలో చాలామందికి తెలుసు. నాసిర్ అల్ హుజైమీ పేరు మాత్రం తక్కువమంది విని ఉంటారు. 1970లలో ఆయన అదే బృందంలో ఉన్నాడు, దాడికి ముందే బయటికొచ్చాడు. అయినా దాడి తర్వాత అరెస్టయి ఏళ్ల తరబడి జైల్లో గడిపాడు. విడుదలయ్యాక 'అల్ రియాద్' పత్రికలో పనిచేశాడు. జుహైమాన్‌తో గడిపిన రోజుల గురించి అరబిక్‌లో పుస్తకం కూడా రాశాడు.

ఆ బృందం తన సభ్యులకు ఏం నేర్పిందో చూడండి. గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు తీసుకుంటే దేవుడికి కాక రాజ్యానికి విధేయత చూపినట్టేనని చెప్పింది. ఇకామా జేబులో లేకుండా వీధిలోకి వెళ్లడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? కాగితం లేనివాడికి ఉద్యోగం దొరకదు, ఇల్లు అద్దెకు రాదు. తిండీ నీడా స్నేహమూ అన్నీ ఆ బృందంలోనే. నమ్మకం పోయిన తర్వాత కూడా మనిషి అక్కడే ఉండిపోతాడంటే, వెళ్లడానికి చోటు లేకనే.

2003లో రియాద్‌లో బాంబు దాడులు జరిగాక సౌదీ ప్రభుత్వం తీవ్రవాద ఖైదీల కోసం పునరావాస కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో మతబోధతో పాటు నెలనెలా భత్యం, ఉద్యోగం, పెళ్లికి సాయం, కుటుంబం పూచీ కూడా చేర్చారు. అందరూ మారలేదు. ఆ కార్యక్రమం పూర్తిచేసిన సయీద్ అల్ షిహ్రీ 2009లో యెమెన్‌లో అల్ ఖైదా ఉపనాయకుడిగా తేలాడు. పైగా వాళ్లు నిర్బంధంలో ఉన్నవాళ్లు, తమంతట తాము సాయం అడిగి వచ్చినవాళ్లు కారు. అయినా వాదనలో గెలిస్తే చాలదని, జీతమూ ఇల్లూ చూపించాలని అధికారులే గుర్తించిన సంగతి మనం గమనించాలి.

మన ఊళ్లలో కూడా చదువు మానేసి, ఆస్తి రాసిచ్చి, అమ్మానాన్నలతో మాట మానేసి ఏదో ఒక గురువు దగ్గర చేరినవాళ్లు ఉన్నారు. ఏ మతమూ దీనికి మినహాయింపు కాదు. భక్తిని నేను తప్పుపట్టడం లేదు. వెళ్లిపోతానన్నవాడిని వెళ్లనివ్వకపోవడం తప్పు.

అలాంటివారు బయటికొస్తే మనం చేయగలిగింది చాలా ఉంది. పోయిన సర్టిఫికెట్లకు యూనివర్సిటీ నుంచి డూప్లికేట్ తెప్పించవచ్చు. మన చేతికొచ్చిన రెజ్యూమేలో నాలుగేళ్లు ఖాళీ కనిపిస్తే పక్కన పడేయకుండా ఇంటర్వ్యూకి పిలవవచ్చు. కోర్సు ఫీజు కట్టవచ్చు, మొదటి మూడు నెలల అద్దె భరించవచ్చు. "అసలు ఎందుకు చేరావు?" అని మాత్రం నిలదీయకండి. చెప్పాలనిపించినప్పుడు వాళ్లే చెబుతారు. సాయం చేశాం కదా అని మన పార్టీలోకో, మన గుడికో రమ్మనకండి. అలా రమ్మంటే ఆ బృందం చేసిన పనే మనమూ చేసినట్టు.

మీలో ఎవరి కంపెనీలో ఖాళీలు ఉన్నా ఈ మాట గుర్తుపెట్టుకోండి.