మరల విద్యార్థినులమైతిమి
(కామారెడ్డి, ఎల్లారెడ్డి స్త్రీల కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



మేము నర్సులము. ప్రసూతి గదిలో తెల్లవారిన రాత్రులు మేము లెక్క పెట్టలేదు. అట్టి మమ్మును పదునెనిమిది నెలలు మరల చదువుకొనుడని చెప్పినప్పుడు, ఉన్నమాట చెప్పవలెనన్న, మనస్సు చివుక్కుమన్నది. ఇన్నేండ్లు కాన్పులు చేసిన చేతులకు ఇంకేమి నేర్పుదురు అనుకొంటిమి.

ఆ చదువు మిడ్‌వైఫరీ. మంత్రసాని అను మాట మన పల్లెలకు పాతదే. నిర్గమకాండములోని షిఫ్రా, పూయా చేసిన పనియు అదే. అయితే మన ఆస్పత్రులలో ఇది క్రొత్త విభాగము. 2017లో తెలంగాణ ప్రభుత్వము, యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి కలిసి కరీంనగరులో 30 మంది నర్సులతో ఈ శిక్షణ ప్రారంభించిరి. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికి మార్గదర్శకములు వెలువరించినది.

దీని అవసరమేమి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. దేశము మొత్తము మీద 21.5 మాత్రమే. ఆపరేషను ఎందరో తల్లుల ప్రాణము నిలిపినది. దానిని మేము తక్కువ చేయము. కాని అవసరము లేని కోత తల్లికి భారము, తరువాతి కాన్పునకు చిక్కు.

క్రొత్తది నేర్చుటకంటె పాతది మరచుట కష్టమైనది. గర్భాశయ ముఖము నాలుగు సెంటీమీటర్లు తెరచుకొన్న పిమ్మట గంటకొక సెంటీమీటరు చొప్పున సాగవలెనని మేము చదివితిమి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అయిదు సెంటీమీటర్ల నుండి లెక్కించుడనియు, అందరు తల్లులకు ఆ వేగముండదనియు చెప్పినది. మునుపు తల్లిని వెల్లకిల పండబెట్టెడివారము. ఇప్పుడు నడువనిత్తుము, ప్రక్కకు ఒత్తిగిలనిత్తుము, గొంతుకూర్చుండనిత్తుము. తొలి కాన్పనగానే కత్తెర పట్టుట మానితిమి. బిడ్డ బాగుగా ఉన్నచో బొడ్డుత్రాడు కోయక నిమిషమైనను ఆగుదుము. ఆమె తల్లినో అక్కనో ప్రక్కన ఉండనిత్తుము. "అరవకు" అని నొప్పులు పడుచున్న తల్లులను ఎన్నిసార్లు గద్దించితిమో తలచుకొని సిగ్గుపడితిమి.

మా హద్దు కూడ నేర్చుకొంటిమి. రక్తపోటు పెరిగినను, రక్తస్రావము కనబడినను, బిడ్డ గుండె చప్పుడు తగ్గినను వెంటనే డాక్టరును పిలువవలెను. ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లెలనుండి వచ్చు తల్లులను పెద్ద ఆస్పత్రికి ఎప్పుడు పంపవలెనో ముందుగా కనిపెట్టుట వారికి ప్రాణముతో సమానము.

రెండు మనవులు. శిక్షణ పొంది వచ్చిన నర్సును వేరొక వార్డునకు మార్చకుడని అధికారులను కోరుచున్నాము; మార్చినచో ఆ చదువు వ్యర్థమగును. రెండవది మీకు: ముహూర్తము చూచి ఆపరేషను అడుగకుడి. మీ కోడండ్రకు, కుమార్తెలకు ధైర్యము చెప్పుడి. ఆ గదిలో మేము వారి ప్రక్కన నిలిచియుందుము.