మాక్రోలో తెలుగు పెడితే ప్రశ్నార్థకాలు ఎందుకు వస్తాయి?

ఈరోజు వర్డ్ మాక్రోల గురించి మాట్లాడుకుందాం. ఎగ్జాంపుల్ మన దొరవారిసత్రం నుంచే.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి కదా. మన మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. డీటీపీ షాపులో పాత ఫార్మాట్లు ఉంటాయి: అద్దె అగ్రిమెంటు, అఫిడవిట్, దరఖాస్తు. అన్నిటిలో జిల్లా పేరు మార్చాలి. ఒక్కో ఫైలు చేత్తో ఎక్కడ మారుస్తాం? మాక్రో రాద్దాం అనుకుంటాం.

ఎడిటర్‌లో నెల్లూరు అని పేస్ట్ చేయగానే ఎనిమిది ప్రశ్నార్థకాలు వస్తాయి. ఫాంట్ మారిస్తే పోయేది కాదిది. వర్డ్ 97 నుంచే యూనికోడ్‌లో ఉంది. మాక్రో ఎడిటర్ మాత్రం ఇంకా విండోస్ పాత కోడ్ పేజీ మీదే నడుస్తోంది. తెలుగుకు అలాంటి కోడ్ పేజీ అసలు లేదు. మనకి మూడక్షరాలుగా కనిపించే నెల్లూరు లోపల ఎనిమిది కోడ్‌లు. ఒక్కో కోడ్‌కి ఒక్కో ప్రశ్నార్థకం.

అలాగే రన్ చేస్తే? మామూలుగా ఏమీ దొరకదు, ఎర్రర్ కూడా రాదు. కానీ అంతకుముందు సెర్చ్‌లో వైల్డ్‌కార్డ్స్ ఆన్ చేసి ఉంటే, వర్డ్ ఆ సెట్టింగ్ గుర్తుపెట్టుకుంటుంది. అప్పుడు ప్రశ్నార్థకం అంటే "ఏ క్యారెక్టర్ అయినా సరే" అని అర్థం. ఇక ఫైలంతా ప్రశ్నార్థకాలే! అందుకే మ్యాచ్ వైల్డ్‌కార్డ్స్ ఫాల్స్ అని కోడ్‌లోనే రాయండి. ముందు ఫైళ్లకి కాపీ తీసుకోండి.

మరి తెలుగు ఎలా ఇవ్వాలి? రెండు దారులున్నాయి. ఒకటి, సీహెచ్ఆర్‌డబ్ల్యూ ఫంక్షన్. 'న'కి 3112, ఎత్వానికి 3142, అలా ఒక్కో కోడ్ కలుపుకుంటూ పోవాలి. రెండోది ఈజీ. వేరే వర్డ్ ఫైల్‌లో రెండు కాలమ్‌ల టేబుల్ పెట్టి, పాత మాట, కొత్త మాట మామూలుగా టైప్ చేయండి. మాక్రో అక్కడి నుంచి చదువుకుంటుంది. సెల్ టెక్స్ట్ చివర కనపడని రెండు క్యారెక్టర్లు వస్తాయి, వాటిని కత్తిరించాలి.

టేబుల్‌లో పొడవైన పేరు పైన ఉండాలి. "శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా" ముందు, "నెల్లూరు జిల్లా" తర్వాత. తిరగేస్తే "శ్రీ పొట్టి శ్రీరాములు తిరుపతి జిల్లా" అని లేని జిల్లా ఒకటి పుడుతుంది! ఉత్త "నెల్లూరు" అని మాత్రం పెట్టకండి, నెల్లూరు టౌన్ అడ్రసులు కూడా మారిపోతాయి.

ఇంత చేసినా హెడర్‌లో పాత పేరు అలాగే కనిపించొచ్చు. డాక్యుమెంట్ కంటెంట్‌లో వెతికితే వర్డ్ మెయిన్ టెక్స్ట్ మాత్రమే చూస్తుంది. హెడర్, ఫుటర్, టెక్స్ట్ బాక్స్ కూడా మారాలంటే స్టోరీ రేంజెస్ మీద లూప్ వేయాలి.

చివరిగా ఒకటి. ఈ మాక్రో ఖాళీ ఫార్మాట్ల మీదే రన్ చేయండి. 2019లో సంతకాలైన అగ్రిమెంటులో నెల్లూరు జిల్లా అనే ఉండాలి, ఆ రోజుకి అదే నిజం. ఏ ఫైలు ఏదో మాక్రోకి తెలియదు, ఫోల్డర్ వేరు చేసి ఇవ్వాల్సింది మనమే.