మనసు జబ్బు – మెదడు స్కానింగు



పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రవాడు. చలాకీగా తిరిగినవాడు క్రమంగా నలుగురిలోకి రావడం మానేస్తాడు. రాత్రిళ్లు నిద్రపోడు. ఎదుట ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయంటాడు. గాలి సోకిందని కొందరంటారు. చివరకు ఎవరో "తలకు స్కానింగు తీయించండి" అంటారు. అప్పో సప్పో చేసి తీయిస్తారు. రిపోర్టు 'నార్మల్' అని వస్తుంది. జబ్బేమీ లేదన్నమాట అనుకుని మళ్లీ భూతవైద్యుని ఇంటిదారి పడతారు. ఇక్కడ జరుగుతున్న పొరపాటేమిటో ఈవేళ తెలుసుకుందాం.

ఇటువంటి లక్షణాలు కనిపించే జబ్బుల్లో ముఖ్యమైనది స్కిజోఫ్రీనియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. చాలామందిలో యౌవనంలోనే మొదలవుతుంది.

ఇది మెదడుకు సంబంధించిన జబ్బేనని స్కానింగు యంత్రాలు వచ్చాక స్పష్టమైంది. మన మెదడు నడుమ ద్రవంతో నిండిన చిన్న చిన్న గదులుంటాయి. 1976లో లండన్‌లోని నార్త్‌విక్ పార్క్‌లో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో, వారి సహచరులు చాలాకాలంగా ఈ జబ్బుతో ఉన్నవారికి సి.టి. స్కాన్ తీశారు. ఆరోగ్యవంతులతో పోలిస్తే వారిలో ఆ గదులు పెద్దవిగా కనిపించాయి. 1990లో అమెరికాలో 15 జతల ఏకరూప కవలలను ఎం.ఆర్.ఐ. తీసి చూశారు. ప్రతి జతలోనూ ఒకరికే జబ్బు ఉంది. జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్ అనే భాగం, ఎడమవైపున, 14 జతల్లో జబ్బున్నవారికే చిన్నదిగా ఉంది.

మరి జబ్బు తొలిరోజుల్లో సంగతేమిటి? మెల్‌బోర్న్ పరిశోధకులు జబ్బు రాగల సూచనలున్న యువతీయువకులకు ముందే ఎం.ఆర్.ఐ. తీసి, కొంతకాలం తర్వాత మళ్లీ తీశారు. జబ్బు బయటపడినవారిలో మెదడులోని బూడిదరంగు పదార్థం కొన్నిచోట్ల తగ్గినట్లు 2003లో ప్రకటించారు. అంటే జబ్బు మొదలయ్యే రోజుల్లోనే మార్పు సాగుతోందన్నమాట.

అలాగైతే స్కానింగుతోనే జబ్బును పట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కుదరదు. రెండు ఊళ్ల మనుషుల సగటు ఎత్తులో అర అంగుళం తేడా ఉందనుకోండి. దారిన పోయే ఒక మనిషిని ఆపి, ఎత్తు కొలిచి, ఏ ఊరివాడో చెప్పగలమా? ఇదీ అంతే. ఈ తేడాలు గుంపుల సగటులో తెలుస్తాయి. ఒక్కరి ఫోటోలో తేల్చి చెప్పలేం. జబ్బున్నవారిలో చాలామందికి రిపోర్టు 'నార్మల్' అనే వస్తుంది. అంతమాత్రాన జబ్బు లేనట్లు కాదు, నటిస్తున్నట్లూ కాదు.

మరి డాక్టరుగారు ఒక్కోసారి స్కానింగు ఎందుకు రాస్తారు? మెదడులో గడ్డ, వాపు, దెబ్బ వంటివి లేవని నిర్ధారించుకోవడానికి. అసలు జబ్బును గుర్తించేది రోగితో మాట్లాడి, ఇంటివారు చెప్పింది విని. అందుకే రోగి వెంట అతన్ని బాగా ఎరిగినవారు వెళ్లాలి. నిద్ర ఎప్పుడు చెడింది, మాటతీరు ఎప్పుడు మారింది కాగితం మీద రాసుకుని వెళ్లండి. డాక్టరుగారిది కన్నడమో తమిళమో అయితే ఆ భాష వచ్చినవారిని తోడు తీసుకెళ్లండి. మందులు మొదలుపెట్టాక కాస్త నయమైందని మీ అంతట మీరు మానకండి. మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

వైద్యం కోసం మహానగరానికే పోనక్కరలేదు. మన సరిహద్దునే ఉన్న బళ్లారి జిల్లాలో, బెంగళూరు నిమ్హాన్స్ వారు 1980లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా మానసిక వైద్యం అందించి చూపారు. ఆ నమూనాతోనే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. కనుక ముందు మీ జిల్లా ఆసుపత్రిలో విచారించండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇది పెంపకంలో లోపం కాదు, పూర్వజన్మ పాపం కాదు. వైద్యం ఉన్న జబ్బు. ఎంత తొందరగా వైద్యం మొదలైతే ఆ బిడ్డ తిరిగి చదువులోనో పనిలోనో నిలదొక్కుకునే అవకాశం అంత ఎక్కువ. స్కానింగుకు డబ్బు సమకూరలేదని ఆగవద్దు, రిపోర్టు బాగుందని ఊరుకోవద్దు. ముందు డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి.