మూడు చక్రముల పాతబండి - ఎంపిక



మూడు చక్రముల బండి యనగానే మనకు ఆటోరిక్షా తలపునకు వచ్చును. నేడు నేను చెప్పబోవునది దానికి దూరపు చుట్టమైనను కాదు. రాచబాట యెరుగని బండి యిది. ఇసుక, మంచు, బురద - వీనికొరకే పుట్టినది. చలికాలమున మోటారు సైకిళ్లు కొనువారు లేక అమెరికాలోని దుకాణదారులు ఈగలు తోలుకొనుచుండిరి. వారికొరకు హోండా సంస్థ ఇంజనీరు ఒసాము టకెయూచి, బూరవలె ఉబ్బిన పెద్ద టైర్లు మూడింటిని తగిలించి ఒక వాహనమును రూపొందించెను. 1970లో అది యూఎస్ 90 అను పేర 595 డాలర్లకు అమ్మకమునకు వచ్చెను. పిమ్మట దానినే ఏటీసీ 90 అనిరి.

పదునైదేండ్లలో ఆ బండికి పెద్ద సంతానమే కలిగెను. కవాసాకీ, యమహా సంస్థలును రంగములోనికి దిగినవి. వేగము పెరిగెను; దానితో ప్రమాదములును పెరిగెను. పిల్లలును పెక్కుమంది గాయపడిరి, మరణించిరి. తుదకు 1988లో ప్రభుత్వముతో న్యాయస్థానమున కుదిరిన ఒప్పందము మేరకు, ఆ దేశమున క్రొత్త మూడు చక్రముల బండ్ల అమ్మకము నిలిచిపోయెను. 2008 నాటి చట్టము వాని దిగుమతినిగూడ నిషేధించినది. పాతవానిని ఉంచుకొనుటకు, నడుపుటకు మాత్రము ఆ నిషేధము వర్తింపదు. కావుననే నేటికిని వానిని వెదకి కొనువారు కలరు.

అక్కడ స్థిరపడిన నా మేనల్లుడు అట్టి బండిని కొనదలచి, "మామయ్యా, ఏది మంచిది?" అని నాకు వ్రాసినాడు. వానికి నలువది దాటినవి; పండ్రెండేండ్ల కుమారుడు కలడు. కొంత ఇసుకనేల, కొంత అడవి వాని యింటివెనుక నున్నవి. వాని ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు ఆ బండి నడక చెప్పవలెను.

ఆటోరిక్షా వెనుకచక్రములు మలుపులో వేరువేరు వేగములతో తిరుగును. ఈ బండికి ఆ సౌకర్యము లేదు. రెండు చక్రములును ఒకే ఇరుసునకు బిగింపబడి, ఒకటిగానే తిరుగును. కావున మలుపు తిరుగవలెనన్న నడుపువాడు ఒడలు లోపలికి వంచి, బరువును బయటివైపు పాదముపై మోపవలెను. అప్పుడే లోపలిచక్రము జారి బండి తిరుగును. ఇది తెలియనివాడు చేతికడ్డిని ఎంత త్రిప్పినను బండి తిన్నగనే పోవును. ముందున్నది ఒక్క చక్రమే గనుక మలుపులో బ్రేకు పట్టినచో ఒకమూలకు ఒరిగి బోర్లపడును. మోటారు సైకిలు అలవాటుచొప్పున పాదము నేలకు దించితిరా, వెనుకచక్రము కాలిమీదికే ఎక్కును! మోటారు సైకిలు బాగుగా నడుపువారే ఇందు మొదట దెబ్బతినుట వింతగాని, నిజము.

ఇక ఎంపిక. ఏటీసీ 250ఆర్, కవాసాకీ టెకాటే, యమహా ట్రై-జెడ్ - ఈ మూడును పందెపు గుఱ్ఱములు. వాని టూ-స్ట్రోకు ఇంజను కొంతసేపు మెత్తగా నుండి, హఠాత్తుగా లంఘించును. చూచుటకు సొగసైనవే, పాతబండ్ల ప్రియులు అధిక మూల్యమిచ్చి కొనునవే. కాని నా మేనల్లునికి వలదంటిని. 1983లో వచ్చిన 200ఎక్స్ మధ్యేమార్గము. ఫోర్-స్ట్రోకు ఇంజను, ముందువెనుకల స్ప్రింగులు, చేతిక్లచ్చి గలది. చేయి తిరిగినవానికి అది చాలును. క్రొత్తగా నేర్చువానికి ఏటీసీ 110 మేలు. దానికి క్లచ్చి పట్టవలసిన పనిలేదు, తొందరపాటు లేదు. కట్టెలు మోయవలెనన్న సామాను చట్రములు గల "బిగ్ రెడ్" కలదు. నేను 110కే ఓటు వేసితిని.

కుమారుని వెనుక కూర్చుండబెట్టుకొందునని వాడు వ్రాసినాడు. ఆ మాటకే నా గుండె ఝల్లుమన్నది. ఆసనము పొడవుగా నున్నది ఇద్దరికొరకు కాదు. నడుపువాడు ముందువెనుకలకు జరుగుటకు. వెనుక మరియొకడున్న ఆ జరుగుటయే యుండదు. పెద్దలకొరకు చేసిన ఇట్టి బండిని పదునారేండ్లలోపు వారు నడుపరాదని అమెరికా ప్రభుత్వ సంస్థయే హెచ్చరించుచున్నది. కావున బాలుడు ఈ బండిని ఎక్కనే వలదని కచ్చితముగా వ్రాసితిని. మేనల్లునికి కొంత కోపము వచ్చినట్లున్నది, రానిండు.

కొనునప్పుడు రంగు చూచి మురియరాదు. వెనుకభాగమును పైకెత్తి చక్రమును పట్టి ఊపవలెను; వదులుగా నున్న ఇరుసు బేరింగులు అరిగినవన్నమాట. చేతికడ్డి క్రింద చట్రమునకు పగుళ్లు, అతుకులు ఉన్నవేమో వెదకవలెను. ట్యాంకు మూతతీసి లోపల త్రుప్పు చూడవలెను. బొటనవ్రేలితో నొక్కు త్రాటిల్ మీట, విడిచినవెంటనే వెనుకకు రావలెను. రానిచో అమ్మువాడెంత తీయగా మాటాడినను బేరము విడిచి రావలెను. ఇంకొకటి. ఈ టైర్లలో గాలి రెండు మూడు పౌనుల ఒత్తిడి మాత్రమే; కారు గాలిని కొలుచు సాధనము అంత తక్కువను సరిగా చూపదు. దీనికి వేరే కొలత సాధనమున్నది. దానిని శిరస్త్రాణముతోపాటు బండికంటె ముందే కొనుమని నా మేనల్లునికి వ్రాసితిని.