పేపరువాళ్లు అడిగినప్పుడు
(జంషెడ్‌పూర్‌లో మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పత్రికలవాళ్లతో, టీవీవాళ్లతో ఎలా మెలగాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నాకు అప్పజెప్పారు. ఇది ఏ కల్నల్ సాబ్‌కో ఇవ్వవలసిన పని. నేను ఇంటర్మీడియట్ చదివి, 1987లో ఆర్టిలరీలో చేరి, 2015లో సుబేదారుగా రిటైరైనవాణ్ని. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయంలో నేను దెబ్బ తిన్నవాణ్ని. ఆ సంగతి ఇంతవరకు మా ఇంటావిడకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఆమె ఇక్కడే, మూడో వరసలో ఉంది.

2004లో హవల్దారుగా ఉండగా సెలవు మీద కద్మాలో మా ఇంటికి వచ్చాను. బిష్టుపూర్ రామమందిరం దగ్గర ఒక హిందీ పేపరు కుర్రాడు పరిచయమయ్యాడు. "ఫౌజీ భయ్యా, మీ మీద రాస్తాను" అన్నాడు. పేపరులో పేరు పడుతుందన్న సంబరంలో మా రెజిమెంట్ ఎక్కడుందో, ఎన్ని గన్లు పైకి ఎక్కించామో, ఏ నెలలో కిందికి దిగుతామో గడగడా చెప్పేశాను. యూనిఫారం ఫొటో ఒకటి ఇచ్చాను. అందులో నా వెనక బంకరు, రోడ్డు మలుపు స్పష్టంగా కనబడుతున్నాయి.

మూడో రోజు పడింది. నాన్న అయిదు కాపీలు కొని, కంపెనీలో తన పాత స్నేహితులందరికీ చూపించి వచ్చారు. శ్రీకాకుళం నుంచి కూలిపనికి వచ్చిన మనిషి, కొడుకు ఫొటో పేపరులో చూసుకున్నారు. కాదనగలనా?

సెలవు ముగించుకుని వెళ్లేసరికి ఆ కటింగ్ నాకంటే ముందే సీవో సాబ్ బల్ల మీద ఉంది. ఆయన కేకలు వేయలేదు. "ఈ మలుపు దగ్గర రేపు మన బండి మీద షెల్ పడితే, ఆ డ్రైవరు ఇంటికి ఉత్తరం నువ్వు రాస్తావా?" అని అడిగారు. షెల్ పడలేదు, దేవుడి దయ. నాకు మాత్రం రెడ్ ఇంక్ ఎంట్రీ పడింది. నాయబ్ సుబేదారు ప్రమోషన్ వెనక్కిపోయింది. నాన్న అడిగితే "వేకెన్సీ లేదు" అని చెప్పాను. ఆయన పోయాక ట్రంకు పెట్టెలో ఆ కటింగ్ లామినేషన్ చేయించి ఉంది.

ఇందులో ఆ కుర్రాడి తప్పు లేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాశాడు. రాయడం అతని డ్యూటీ. ఏది చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో చూసుకోవడం నా డ్యూటీ. మనలో చాలామంది పేపరువాళ్లను తిడతారు గాని, నోరు జారింది ఎవరో చూసుకోరు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు చెప్పవలసింది ఆర్మీ రూల్స్, 1954లో 21వ రూలు. కేంద్ర ప్రభుత్వం అనుమతి లేకుండా సర్వీసు విషయాలు గాని, రాజకీయ విషయాలు గాని పత్రికలకు నేరుగానైనా, ఇంకొకరి ద్వారానైనా అందించకూడదు. "ఇంకొకరి ద్వారా" అంటే బావమరిది వాట్సాప్ కూడా అని నా లెక్క. ఎవరైనా అడిగితే "నాకు అనుమతి లేదు, పీఆర్వో సాబ్‌ను అడగండి" అంటే సరిపోతుంది. అది మొరటుతనం కాదు.

సీవో సాబ్ మాట పూర్తిగా అర్థమైంది 2008 నవంబరులో. ముంబైలో నారిమన్ హౌస్ మీద ఎన్‌ఎస్‌జీ కమాండోలు హెలికాప్టర్ నుంచి దిగడం దేశమంతా టీవీలో చూసింది. కరాచీలో కూర్చున్న వాళ్ల పెద్దలూ చూశారు, చూసి ఫోన్లో లోపలివాళ్లకు చెప్పారు. 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రత్యక్ష ప్రసారాలను గట్టిగా తప్పుపట్టింది. 2015లో కేబుల్ టీవీ రూల్స్ మార్చి, ఉగ్రవాదులపై ఆపరేషన్ జరుగుతున్నప్పుడు లైవ్ కూడదని, నియమించిన అధికారి ఇచ్చే సమాచారమే చూపాలని పెట్టారు. 2025లో ఆపరేషన్ సిందూర్ అప్పుడు చూశారు కదా, కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ ఎలా మాట్లాడారో. తెచ్చుకున్న మాట చెప్పారు, ముగించారు. కొన్ని ఛానెళ్లు మాత్రం మే 8 రాత్రి కరాచీ రేవును నేలమట్టం చేశాయి. తెల్లారేసరికి అది ఉన్నచోటే ఉంది. అలాంటి చర్చల్లో మీసం మెలేసి అరిచే మన రిటైర్డు సోదరులను చూస్తే నాకు తల కొట్టేసినట్టుంటుంది.

ఇక నా మనసులో అసలు సంగతి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్. 16వ తేదీన ఆర్మీ మొదటి ప్రకటనలో ఒక అధికారి, ఇద్దరు జవాన్లు అన్నారు. రాత్రికి మరో 17 మంది, మొత్తం 20 అని వచ్చింది. ఆ మధ్య గంటల్లో 16 బిహార్ జవాన్ల ఇళ్లలో టీవీ ముందు కూర్చున్నవాళ్లను తలుచుకోండి. ఆ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆయనతో పోయిన సిపాయి గణేశ్ హాఁస్దా మన తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, బహరాగోడా వాడు. రెండు మనూళ్లే. సూర్యాపేటలో సంతోష్ బాబు తల్లిగారు కెమెరాల ముందు, కొడుకు దేశం కోసం పోయాడని గర్వంగా ఉందనీ, తల్లిగా దుఃఖంగా ఉందనీ చెప్పారు. అంతకంటే ఏ తల్లినీ ఎవరూ అడగడానికి లేదు. "ఎలా ఫీలవుతున్నారు?" అని మళ్లీ మళ్లీ మైకు పెట్టేవాళ్లకు మనం అడ్డం నిలబడాలి.

అటువంటి ఇంటికి మన సంఘం తరఫున వెళ్లేవాళ్లు ముందు ఒక మనిషిని నిలబెట్టండి. బాబాయో, మేనమామో, మనలో ఒకరో. ఆయనే మాట్లాడాలి. తల్లి, భార్య ఉన్న గది తలుపు వేసి ఉండాలి. మాట్లాడతామని వాళ్లే అంటే సరే, లేదంటే లేదు. చివరి ఫోన్‌లో బాబు ఎక్కడున్నానని చెప్పాడో అది బయటికి రాకూడదు, అక్కడ ఇంకా మనవాళ్లున్నారు. ఫొటో ఇచ్చేముందు వెనక ఏముందో చూడండి. అసలు ఫొటో ఎవరి చేతికీ ఇవ్వొద్దు, ఫోన్లో తీసుకోమనండి. పెళ్లి ఆల్బమ్ నుంచి పీకి తీసుకెళ్లిన ఫొటో తిరిగి రాని ఇల్లు నాకు తెలుసు.

మన పేర్ల గొడవ ఒకటుంది. ఇంటిపేరు ముందు రాస్తాం, హిందీ పేపరులో అదే అసలు పేరైపోతుంది. రావు "రాఓ" అవుతుంది. నాయబ్ సుబేదారు ఒక్కోసారి కెప్టెన్ కూడా అవుతాడు, ఆ ప్రమోషన్‌కు మనం సంతోషించకూడదు. అందుకే పేరు, ర్యాంకు, ఊరు దేవనాగరిలో చీటీ మీద రాసి ఇవ్వండి. సాయంత్రం కాకముందే ఇవ్వండి, రాత్రి పేజీలు పెట్టేవేళ ఫోన్ చేస్తే ఎవరికీ తీరిక ఉండదు. తప్పు పడితే మర్నాడే ఎడిటరుకు రెండు వాక్యాల ఉత్తరం రాయండి. వినకపోతే పత్రికల మీద ప్రెస్ కౌన్సిల్ ఉంది. టీవీ దాని కిందికి రాదు.

పేపరుతో మేలూ జరిగింది. మన తెలుగు జవాను భార్య ఒకామెకు ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయింది. ఏడాదిన్నర తిరిగాం. చివరికి ఆమె ఒప్పుకున్నాక, తేదీల వారీగా ఒక్క కాగితం రాసి, ఉత్తరాల జిరాక్సులు జతచేసి, పీపీఓ నంబరు కొట్టేసి ఒక విలేఖరికి ఇచ్చాను. ఎవరినీ తిట్టలేదు. ఆరు లైన్లు వేశాడు. నెల తిరక్కుండా ఆఫీసు నుంచే ఆమెకు ఫోను వచ్చింది. ఆ ఆరు లైన్లు రాసినవాడు ఎవరనుకున్నారు? 2004 నాటి ఆ కుర్రాడే. ఇప్పుడు జుట్టు నెరిసింది.

భోజనాలకు వేళయింది. ప్రశ్నలుంటే అడగండి, తెలిసినంత చెబుతాను. ఆ రోజుల్లో మా రెజిమెంట్ ఎక్కడుండేదో మాత్రం అడక్కండి.

జై హింద్.