ఎలుగుబంటిని గూర్చి పిల్లలకు

బడిలో మీరు ‘కరడి’ యని చదువుదురు. ఇంట మనము దానినే ఎలుగుబంటి యందుము. మన బళ్ళారి సీమలో, హంపికి చేరువనున్న దరోజియొద్ద 1994లో వానికై అభయారణ్యము నేర్పరచిరి. పగలు కొండగుహలలో పండుకొని, ప్రొద్దువాలిన పిదప నవి మేతకు వెడలును. చెదపుట్టను గోళ్ళతో త్రవ్వి, మూతి లోనికి దూర్చి, పురుగులను బుస్సున పీల్చివేయును. ఆ పీల్పునకు అనువుగా పైవరుస నడిమి పండ్లు రెండు దానికి లేనే లేవు! రేగుపండ్లన్నను, తేనెయన్నను మిక్కిలి ప్రీతి. తల్లి తన కూనలను వీపుపై నెక్కించుకొని తిరుగును. చూపు మందము గనుక, హఠాత్తుగా నెదురుపడినవారిపై బెదరి పడును. అందుచేతనే కట్టెలకును, సీతాఫలములకును కొండకు బోవు మనము మునిమాపున పోరాదు. పెద్దలతో గూడి, బిగ్గరగా మాటలాడుచు పోవలెను. గుహలోనికి రాయి విసరకుడు. లోపల కూనలతో తల్లి యుండవచ్చును.